కంబర్లాండ్ దీవికి వెళ్తున్నారా? చివరి పడవను నమ్ముకోకండి

2024 అక్టోబరు 19న అమెరికాలోని జార్జియా తీరంలో సపెలో దీవి రేవు వద్ద, పడవలోకి దారి తీసే అల్యూమినియం నడక వంతెన కూలిపోవడంతో ఏడుగురు మరణించారు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వారసులై ఆ దీవిలో తరతరాలుగా నివసిస్తున్న గల్లా గీచీ ప్రజల సాంస్కృతిక ఉత్సవం జరిగిన రోజు అది. చనిపోయిన వారందరూ డెబ్బై ఏళ్లు దాటినవారే. ఆ ప్రమాదంలో సందర్శకుల తప్పు ఏమీ లేదు. మనుషుల బరువు మోయవలసిన నిర్మాణమే విఫలమైంది. అయినా ఆ వార్త చదివిన తరువాత, వేసవిలో మన దేశం నుంచి వచ్చిన తల్లిదండ్రులను అదే తీరంలో దక్షిణాన ఉన్న కంబర్లాండ్ దీవికి తీసుకువెళ్లవచ్చునా అని అట్లాంటాలోనూ జాక్సన్‌విల్‌లోనూ ఉంటున్న తెలుగువారు అడుగుతున్నారు. నిస్సందేహంగా వెళ్లవచ్చు. కాకపోతే అక్కడి అసలు ప్రమాదం చాలామంది ఊహిస్తున్న చోట లేదు.

కంబర్లాండ్ జార్జియా తీర దీవులన్నిటిలోకీ పెద్దది. పొడవు 17 మైళ్ల పైమాటే. 1972 నుంచి దాన్ని జాతీయ సముద్రతీరంగా కాపాడుతున్నారు. ప్రధాన భూభాగం నుంచి వంతెన లేదు, దీవిలో దుకాణం లేదు, చెత్తబుట్ట కూడా లేదు. సెయింట్ మేరీస్ ఊరి నుంచి ముప్పావు గంట ఫెర్రీ ప్రయాణం తప్ప సామాన్య సందర్శకుడికి మరో దారి లేదు. దీవిని కిక్కిరిసిపోకుండా ఉంచడానికి రోజుకు సుమారు 300 మందినే తీసుకువెళ్లాలన్న పద్ధతి చాలాకాలంగా ఉంది కాబట్టి టికెట్లు ముందుగానే అయిపోతాయి. పాములు, మొసళ్లు, దోమల సంగతి ఎవరిని అడిగినా చెబుతారు. నేను ఎక్కువ చెప్పదలచుకున్నది ఒక్క పొరపాటు గురించే, ఎందుకంటే దీవికి వెళ్లిన కుటుంబాల రోజును పాడుచేసింది నేను చూసినంతలో అదొక్కటే.

ఆ ఒక్క పొరపాటు

చాలామంది దీవి నుంచి తిరిగివచ్చే చివరి పడవను తమ ప్రయాణ ప్రణాళికగా పెట్టుకుంటారు. సాధారణంగా అది సాయంత్రం 4:45కు కదులుతుంది. "ఉదయం తొమ్మిదింటి పడవలో వెళ్తే ఏడు గంటల సమయం ఉంది కదా" అని లెక్క వేసుకుని, ఆ ఏడు గంటలనూ చివరి నిమిషం దాకా ఖర్చు పెట్టేస్తారు. చివరి పడవ ప్రణాళిక కాదు, ప్రణాళిక తప్పినప్పుడు మిగిలే ఆఖరి ఆసరా. దానికే వేళ పెట్టుకున్నవారికి ఆ తరువాత ఆసరా అంటూ ఏదీ ఉండదు. పడవ ఎవరి కోసమూ ఆగదు. తప్పిపోతే సొంత ఖర్చుతో ప్రైవేటు పడవను పిలిపించుకోవలసిందే.

డబ్బు పోవడం అందులో చిన్న భాగమే. నాలుగు గంటలకు ఎక్కడో సముద్రతీరంలో ఉన్నామని గుర్తించిన కుటుంబం రేవు వైపు పరుగు మొదలుపెడుతుంది. యువకులు ముందు వెళ్లి పడవను ఆపుతామంటారు, మోకాళ్ల నొప్పులున్న తల్లి వెనకబడుతుంది, పిల్లల చేతిలో నీళ్ల సీసా ఖాళీగా ఉంటుంది. వడదెబ్బ, కాలు మడతపడటం, మనుషులు ఒకరికొకరు దూరమైపోవడం, రేవు దగ్గర తోపులాట అన్నీ ఆ ముప్పావు గంటలోనే జరుగుతాయి.

సముద్రతీరం తూర్పు వైపునా, పడవ రేవులు పడమటి వైపునా ఉంటాయన్నది మొదటిసారి వెళ్లేవారు గ్రహించరు. తీరంలో నిలబడినవారికి రేవు కనిపించదు, పడవ కూత వినిపించదు. పైగా జార్జియా తీరంలో ఆటుపోట్ల మధ్య తేడా ఆరు నుంచి ఎనిమిది అడుగుల దాకా ఉంటుంది. నీరు వెనక్కి తగ్గినప్పుడు గట్టిపడిన తడి ఇసుక మీద రెండు మైళ్లు హాయిగా నడిచి వెళ్లినవారికి, తిరిగి వచ్చే వేళకు పోటు ఎక్కి ఆ గట్టి ఇసుక నీళ్లలో మునిగిపోయి ఉంటుంది; అప్పుడు కాలు చీలమండ దాకా దిగబడే పొడి ఇసుకలో నడవాలి. వెళ్లడానికి ముప్పావు గంట పట్టిన దూరం రావడానికి గంటన్నర పట్టవచ్చు. ఆనాటి ఆటుపోట్ల వేళలు చూసుకోకుండా తీరం వెంబడి ఉత్తరానికి నడవకండి. ఇసుక దిబ్బల వరుస అంతా ఒకేలా కనిపిస్తుంది గనుక, మీరు తీరానికి దిగిన దారి దగ్గర ఒక ఫోటో తీసుకుని ఆనవాలు పెట్టుకోండి.

దూరాలు కూడా మోసం చేస్తాయి. డంజనెస్ అనే పాత భవనం శిథిలాలు, తీరం, సీ క్యాంప్ అనే గుడారాల విడిది కలుపుకుని దక్షిణపు చుట్టు సుమారు నాలుగు మైళ్లు. పెద్దవారితో, ఆగుతూ, చూస్తూ నడిస్తే దానికే పూట గడిచిపోతుంది. 1898లో కట్టిన ప్లమ్ ఆర్చర్డ్ భవనం సీ క్యాంప్‌కు సుమారు ఏడు మైళ్లు ఉత్తరాన ఉంది. 1996లో అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు జాన్ కెన్నెడీ జూనియర్ వివాహం జరిగిన చిన్న చర్చి దాదాపు పదిహేను మైళ్ల దూరంలో ఉంది. ఆ చర్చిని చూడాలన్న కోరిక ఉంటే దీవిలో నడిచే వ్యాన్ యాత్రకు ముందే టికెట్ తీసుకోవాలి. నడిచి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చునన్న ఆలోచన మానుకోవాలి.

కాబట్టి ఈ లెక్క పాటించండి: మీ పడవ కదిలే వేళకు రెండు గంటల ముందే ముఖం రేవు వైపు తిప్పాలి, గంట ముందే రేవులో కూర్చోవాలి. అరవై దాటినవారు గానీ పసిపిల్లలు గానీ వెంట ఉంటే మధ్యాహ్నం 2:45 పడవకే తిరుగు టికెట్ తీసుకోవడం మంచిది. 11:45కు వెళ్లే పడవను కొత్తవారు ఎంచుకోకూడదు. రేవుకు గంట ముందే చేరాలి గనుక, దీవిలో నాలుగు గంటలు కూడా నిండుగా మిగలవు. పడవ వేళలు కాలాన్ని బట్టి మారుతాయి, శీతకాలంలో కొన్ని రోజులు పడవే ఉండదు. మీ టికెట్ మీద ఉన్న వేళే వేళ.

ఎండ, నీరు, పెద్దవారు

రాజమండ్రి ఎండలో పెరిగినవాళ్లం, ఈ ఎండ మాకొక లెక్కా అనే పెద్దవారే ముందు సొమ్మసిల్లుతారు. అక్కడి ఉక్కలో చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. రక్తపోటుకు, ఒంట్లోని నీటిని మూత్రంగా బయటికి పంపే మాత్ర వేసుకునేవారు ఆ రోజు ఎలా వేసుకోవాలో వైద్యుడిని ముందే అడగాలి. ఇన్సులిన్‌ను చల్లగా ఉండే సంచిలో పెట్టుకోవాలి. తాగునీటి కుళాయిలు డంజనెస్, సీ క్యాంప్ ప్రాంతాల్లో ఉన్నాయి, తీరంలో లేవు. మనిషికి రెండు లీటర్లకు తగ్గకుండా తీసుకువెళ్లాలి. భోజనానికి పులిహోర నిలుస్తుంది, పెరుగన్నం మధ్యాహ్నానికే పులిసిపోతుంది. చెప్పులు వద్దు, మూసిన బూట్లు వేసుకోవాలి. దిబ్బల దగ్గర గడ్డిలో పల్లేరుకాయల్లాంటి ముళ్లు ఉంటాయి.

ఒంట్లో బాగాలేదని ఎవరైనా అంటే అక్కడే యాత్ర ముగించి నీడకు చేరాలి. దీవిలో ఆసుపత్రి లేదు, రోగిని పడవలో అవతలి ఒడ్డుకు చేర్చేసరికి గంటలు గడవవచ్చు.

శిథిలాలు, గుర్రాలు

డంజనెస్‌లో కనిపించే ఇటుక గోడలు, ఉక్కు కుబేరుడు ఆండ్రూ కార్నెగీ తమ్ముడు థామస్ 1884లో మొదలుపెట్టిన భవనానివి. అది 1959లో కాలిపోయింది. అదే చోట అంతకు ముందు, అమెరికా స్వాతంత్ర్య యుద్ధ సేనాని నథానియెల్ గ్రీన్ భార్య క్యాథరిన్ కట్టించిన నాలుగంతస్తుల ఇల్లు ఉండేది. ఆల్చిప్పలు కాల్చిన సున్నంతో ఇసుక, చిప్పలు కలిపి గోడలు పోయడం ఆనాటి పద్ధతి. ఆ పద్ధతిలో కట్టిన ఒక చిన్న ఇల్లు ఇప్పటికీ పక్కనే నిలిచి ఉంది. చదువుకుని వెళ్తే రెట్టింపు ఆనందం. కానీ కంచె దాటకండి. గోడలు వదులుగా ఉన్నాయి, రాళ్ల సందుల్లో గిలకపాములు చేరతాయి.

దీవిలో నూటయాభై దాకా గుర్రాలు అడవి బతుకు బతుకుతున్నాయి. వాటిని మేపేవారు లేరు, వైద్యం చేసేవారు లేరు. మూగజీవం కనిపిస్తే అరటిపండు పెట్టడం మన ఇళ్లలో నేర్పిన దయే గానీ, ఇక్కడ అది ఆ గుర్రానికీ తరువాత వచ్చే పిల్లవాడికీ చేటు, ఎందుకంటే తిండి అలవాటైన గుర్రం మనుషుల మీదికి వచ్చి కరుస్తుంది, తంతుంది. యాభై అడుగుల దూరం తప్పనిసరి. తల్లికీ పిల్లకూ మధ్యకు వెళ్లకండి. ఫోటో కోసం పిల్లలను గుర్రం ముందు నిలబెట్టేవారిని చూస్తే నాకు కోపం ఆగదు.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను. తీరంలో ప్రాణరక్షకులు ఉండరు. ఈత రానివారు మోకాళ్ల లోతు దాటకూడదు. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా ఈది పక్కకు తప్పుకోవాలి. ఉరుము వినబడితే వెంటనే తీరం విడిచిపెట్టాలి. వేసవి మధ్యాహ్నాల్లో అక్కడ ఉరుములు మామూలే. జూన్ నుంచి నవంబరు దాకా తుపానుల కాలం, బయలుదేరే ముందురోజు సూచన చూడండి. మంచినీటి మడుగుల అంచున కూర్చోకండి, మొసళ్లుంటాయి. ఇసుక దిబ్బలు ఎక్కకండి. తాబేళ్ల గూళ్లకు పెట్టిన గుర్తులను కదిలించకండి. పెంపుడు కుక్కను తేవద్దు, ఫెర్రీలోకి ఎక్కనివ్వరు. మీ చెత్త మీ సంచిలోనే తిరిగి రావాలి. సెల్‌ఫోన్ అందుతుందని నమ్మకండి; విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో దిగగానే చెప్పుకోండి. మీరు ఎక్కవలసిన రేవు డంజనెస్సా, సీ క్యాంపా అన్నది దిగేటప్పుడే పడవవారిని అడగండి. చేతికి గడియారం ఉండాలి, అలారం ఉండాలి. సొరచేప పళ్లు ఏరుతూ కూర్చుంటే గంట నిమిషంలా గడుస్తుంది; ఏరండి, అలారం మోగగానే లేవండి. అలారాన్ని వాయిదా వేయకండి. చివరి పడవ ఉంది కదా అనుకోకండి. నడక వంతెన మీద ఆగవద్దు, ఫోటోలు వద్దు, గుంపుగా నిలబడవద్దు; ముందువారు దాటాక ఖాళీ చూసుకుని పెద్దవారి చేయి పట్టుకుని దాటించండి. తొందర లేనివారే అలా చేయగలరు, గంట ముందు రమ్మన్నది అందుకే. ఇంటికి చేరాక పిడుదులు పట్టాయేమో చంకలు, మోకాళ్ల వెనక, తలవెంట్రుకల్లో చూడండి. తరువాతి వారాల్లో జ్వరం గానీ దద్దురు గానీ వస్తే దీవికి వెళ్లిన సంగతి వైద్యుడికి చెప్పండి.

ఇంత చెప్పినా పడవ తప్పితే, వెతుక్కుంటూ చీకట్లో దారులు పట్టకండి. అందరూ ఒకచోట ఉండి, సీ క్యాంప్‌లోని రేంజర్ కార్యాలయానికి వెళ్లి విషయం చెప్పండి. మందులు వేసుకోవలసిన వారెవరో మొదటి మాటలోనే చెప్పండి.