నవలలో పాత్ర సొంతంగా ఆలోచించడం ఎక్కడ మొదలైందో పట్టుకోవడం ఎలా?

శ్రీకాకుళంలో డిగ్రీ చదివే పిల్లలు పాత్రల ఎదుగుదల మీద రాసిన వ్యాసాలు చూపించడానికి నా దగ్గరికి వస్తుంటారు. చాలావాటిలో ఒకటే వరస: మొదట ఏమీ తెలియదు, తర్వాత తెలిసింది, చివరికి తిరగబడ్డాడు. తిరగబడితే చాలు, సొంత బుద్ధి వచ్చినట్టేనని రాసేస్తారు. నేనైతే దాన్ని ఒప్పుకోను. రే బ్రాడ్‌బరీ నవల ‘ఫారెన్‌హీట్ 451’ (1953) పెట్టుకుని చూద్దాం. అందులో ఫైర్‌మెన్ మంటలు ఆర్పరు, పుస్తకాలు తగలబెడతారు. మోంటాగ్ వాళ్లలో ఒకడు.

ముందు, పాత్రకి ఏం తెలియదో స్పష్టంగా రాసుకోండి. మోంటాగ్ తెలివితక్కువవాడేం కాదు. ఈ పని ఎందుకు చేస్తున్నానని ఎప్పుడూ అనుకోలేదు, అంతే. పక్కింటి పదిహేడేళ్ల అమ్మాయి క్లారిస్ ‘నువ్వు సంతోషంగా ఉన్నావా?’ అని అడిగేదాకా ఆ ప్రశ్నే అతనికి తట్టలేదు.

తర్వాత నోటుబుక్కులో పేజీని నిలువుగా రెండు భాగాలు చెయ్యండి. ఎడమవైపు పాత్రకి వచ్చిన ఆలోచన, కుడివైపు దాన్ని పుట్టించిన మనిషి. సంతోషం గురించిన ప్రశ్న క్లారిస్‌ది. పుస్తకాల్లో ఏదో ఉందన్న అనుమానం, ఇల్లు వదలనని పుస్తకాలతో పాటే కాలిపోయిన ముసలావిడ వల్ల వచ్చింది. ఆవిడ మొండితనం అర్థం కాకపోతే, కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మన ఊళ్లో నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయానికి ఓసారి వెళ్లి రండి. అక్కడ దాచిన పాత పత్రికలు చూశాక ఈ భాగం మళ్లీ చదవండి.

ఇక అసలైన చోటు. రిటైరైన ప్రొఫెసర్ ఫేబర్, మోంటాగ్ చెవిలో చిన్న ఆకుపచ్చ పరికరం పెట్టి తనెక్కడో కూర్చుని మాట్లాడుతుంటాడు. అప్పుడు మోంటాగ్ అంటాడు: నేను ఆలోచించడం లేదు, ఎప్పటిలాగే చెప్పింది చేస్తున్నాను, పక్షం మారి మళ్లీ ఇంకొకరు చెప్పినట్టే చేసేటట్టయితే మారడం దేనికి? ఆ మాట అన్నావంటే నీ ఆలోచన మొదలైనట్టేనంటాడు ఫేబర్. నవల మొత్తానికీ నాకు అతి ముఖ్యమైన సంభాషణ ఇదే. వ్యాసంలో దీనికి కనీసం ఒక పేరా ఇవ్వండి.

పొరపాట్లు కూడా వదలొద్దు. ఫేబర్ వద్దువద్దంటున్నా మోంటాగ్ తన భార్య స్నేహితురాళ్ల ముందు కవిత చదువుతాడు. ఒకావిడ ఏడుస్తుంది, ఇంకొకావిడ మండిపడుతుంది. ఇది ఎవరూ చేయించిన పని కాదు. అలాగని ఆలోచించి చేసిందీ కాదు, ఉక్రోషంలో చేసేశాడు. ఈ రెంటికీ తేడా రాస్తేనే వ్యాసానికి బలం.

చివరగా, కుడివైపు ఖాళీగా ఉండిపోయే వరస కోసం వెతకండి. మోంటాగ్ తప్పించుకుని నదిలో వెల్లకిలా తేలుతున్నప్పుడు చెవిలో ఎవరూ లేరు. సూర్యుడు రోజూ కాలాన్ని కాలుస్తున్నాడు, తనూ కాలుస్తూ పోతే ఏమీ మిగలదు, సూర్యుడు ఎలాగూ ఆగడు కాబట్టి తనే ఆపాలి అనుకుంటాడు. మెట్టు మీద మెట్టుగా సాగిన ఈ తర్కం పూర్తిగా అతనిదే.

తర్వాత పుస్తకాలు కంఠతా పట్టినవాళ్లతో కలుస్తాడు కదా, అవీ పరాయి మాటలే కదా అని ఎవరైనా అడగొచ్చు. మంచి ప్రశ్న. దాన్ని దాటవేయకుండా, ఆ మాటల్ని ఎవరు ఎంచుకున్నారో, ఎందుకు మోస్తున్నారో నవలలోంచే చూపించి జవాబివ్వండి.