గంధం సాన మీదే తియ్యండి, పొడి డబ్బాలు కొనకండి

మంచి గంధానికి ఆ వాసన చెక్క నూనెలో ఉండే శాంటలాల్ అనే పదార్థం వల్ల వస్తుంది, కెమిస్ట్రీలో దీన్ని సెస్క్విటెర్పీన్ జాతి అంటారు, 15 కార్బన్లున్న బరువైన అణువు కాబట్టి గబుక్కున ఎగిరిపోదు, అందుకే పొద్దున రాసుకున్న గంధం సాయంత్రం కూడా మెడ దగ్గర సన్నగా వస్తూనే ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అత్తరు తీసేవాళ్ళు గులాబీ, మల్లె వాసనల్ని పట్టి ఉంచడానికి గంధం నూనె వాడేది కూడా ఇందుకే.

ఈ వాసనంతా చెట్టు చేవలోనే, అంటే లోపలి గట్టి చెక్కలోనే ఉంటుంది, పైన తెల్లచెక్కలో వాసన ఉండదు. అందుకని చెక్క కొనేటప్పుడు ఒక మూల కాస్త గీకి చూడండి, సెంటు పూసిన చెక్కయితే పైన గుప్పుమంటుంది, గీకితే లోపల ఏమీ ఉండదు, అసలుదైతే గీకేకొద్దీ పెరుగుతుంది. ఎర్రచందనం వేరే చెట్టండీ, మన శేషాచలం కొండల్లోది, దాన్లో ఈ వాసన వెతక్కండి.

ఇక తీయడం. సానరాయి శుభ్రంగా కడగండి, పసుపు కొమ్ము అరగదీసిన రాయైతే రెండుసార్లు కడగాలి. నీళ్ళు నాలుగైదు చుక్కలు చాలు, ఎక్కువ పోస్తే చెక్క జారిపోతుంది తప్ప అరగదు. చెక్కని నిలువుగా పట్టుకుని గట్టిగా అదుముతూ గుండ్రంగా తిప్పుతూనే ఉండండి, ముందు నీళ్ళు పాలలా తెల్లబడతాయి, తర్వాత రాయి మీద చెక్క కాస్త పట్టేసినట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడే చిక్కటి గంధం వస్తున్నట్టు, వేలితో తీస్తే వెన్నలా రావాలి. శాంటలాల్ నీళ్ళలో కరగదు, చెక్క ఎంత మెత్తగా అరిగితే వాసన అంత బయటికొస్తుంది, కాబట్టి తొందరపడొద్దు.

పెళ్ళిలో చుట్టాలకి రాయడానికైతే నీళ్ళ బదులు పన్నీరు (రోజ్ వాటర్) వెయ్యండి, చాలా బావుంటుంది. ఎండాకాలం నుదుటికి, మెడకి పల్చగా పట్టిస్తే హాయిగా ఉంటుంది. కొందరికి పడదు, మొదటిసారైతే మోచేతి మడత దగ్గర కొంచెం రాసి ఒకరోజు ఆగండి.

గంధం నూనె సీసా ఉంటే మాత్రం నేరుగా ఒంటికి పూయకండి, చెంచాడు కొబ్బరినూనెలో ఒక చుక్క సరిపోతుంది.

పని అయ్యాక చెక్కని తుడిచి నీడలో ఆరనివ్వండి, తడిగానే డబ్బాలో పెట్టేస్తే బూజు పడుతుంది.