పాత ఆంప్లిఫయర్ పాఠాలు – 4: ఒక పక్క మూగబోతే

పోయిన పాఠంలో వాల్యూమ్ నాబ్ గరగర పోగొట్టాం. ఈసారి పాత సెట్లలో నేను అన్నిటికంటే ఎక్కువగా చూసిన జబ్బు: ఒక స్పీకర్ బాగానే పాడుతుంది, రెండోది నోరు విప్పదు. మోసుకుని షాపుకి వెళ్తే "ఐసీ (లోపలి చిప్పు) పోయింది సార్" అంటారు. అసలు ఐసీయే లేని ఆంప్‌కి కూడా నేనా మాట విన్నాను.

అందుకే ముందు మూత జోలికి పోం. వెనక వైర్లతోనే జబ్బు ఎక్కడుందో పట్టుకుందాం.

ఈ పద్ధతి నేను నేర్చుకున్నది ఆంప్ దగ్గర కాదు, కారు దగ్గర. ఏడాదికి మూడు నాలుగు సార్లు తెల్లవారుజామున నెల్లూరులో బయల్దేరి చెన్నై అవతల ఇరుంగట్టుకోట్టై వెళ్తాను. శ్రీపెరుంబుదూరు దారిలో, 1990 నుంచీ ఉన్న రేస్ ట్రాక్ అది. ఒక చుట్టు దాదాపు 3.7 కిలోమీటర్లు. నేను పందేలకి వెళ్ళను, ట్రాక్ డేకి వెళ్తాను: డబ్బు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, సొంత కారునే పదిహేను ఇరవై నిమిషాల చొప్పున తోలుకోవడం. ఇంట్లోవాళ్ళ లెక్కలో అది పెట్రోలు తగలెయ్యడమే. కాదని గట్టిగా వాదించలేను.

ఒకసారి అక్కడ తిన్నటి రోడ్డు మీద కారు ఎడమకి లాగడం మొదలుపెట్టింది. ఊళ్ళో రెండుసార్లు వీల్ అలైన్‌మెంట్ చేయించాను. రెండుసార్లూ బిల్లు వచ్చింది, లాగుడు పోలేదు. తర్వాతి ట్రాక్ డేలో పక్క పిట్‌లో (ట్రాక్ పక్కన కారు ఆపుకునే చోట) ఉన్న పెద్దాయన చూసి, "ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి చూడు బాబూ" అన్నారు. మార్చాం. ఈసారి కారు కుడికి లాగింది! టైరు ఎటు వెళ్తే జబ్బూ అటే వెళ్ళింది, అంటే తప్పు టైరుదే. మార్చినా ఎడమకే లాగి ఉంటే అనుమానం సస్పెన్షన్ మీదకో, బ్రేకు మీదకో పోయేది. జాకీ, వీల్ స్పానర్ తప్ప వేరే పరికరం వాడలేదు. (బాణం గుర్తుతో ఒకే దిశలో తిరగాల్సిన టైర్లను మాత్రం ఇలా మార్చకండి.)

ఆ తర్వాత కొన్నాళ్ళకే, మా పెదనాన్న 1984లో మస్కట్ నుంచి తెచ్చిన ఆంప్‌లో ఎడమ పక్క మూగబోయింది. టైర్లు గుర్తొచ్చాయి. స్టీరియో సెట్‌లో ఉన్న సుఖం అదే, చెడిపోయిన పక్కతో పోల్చి చూడ్డానికి బాగున్న పక్క ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

మార్పిళ్ళకి ముందు తేలిక అనుమానాలు తీర్చుకోండి. బాలెన్స్ నాబ్ మధ్యలో ఉందా? టేప్ మానిటర్ బటన్ (టేప్ డెక్ సౌండు వినడానికి నొక్కేది) నొక్కి ఉందా? ఆ బటన్ లోపలి కాంటాక్టులు నల్లబడితే ఒక పక్కే సౌండు పోవచ్చు. ప్లగ్గు తీసేసి ఇరవై ముప్పై సార్లు నొక్కి వదలండి. కొన్ని ఆంప్‌ల వెనక ప్రీ అవుట్, మెయిన్ ఇన్ అని రాసిన సాకెట్లు ఉంటాయి, వాటిని కలుపుతూ వంపు తిరిగిన చిన్న లోహపు కడ్డీలు రెండు. అవి వదులైనా, చిలుము పట్టినా ఆ పక్క మూగే. లాగి, తుడిచి, మళ్ళీ గుచ్చండి.

మొదటి మార్పిడి. ఆంప్ ఆపేయండి. ఆన్‌లో ఉండగా స్పీకర్ వైర్లు ఒకదానికొకటి తగిలితే మంచి పక్క కూడా పోగొట్టుకుంటారు, కాబట్టి ఈ మాట తేలిగ్గా తీసుకోకండి. ఆంప్ వెనక ఎడమ స్పీకర్ వైరు కుడి టెర్మినల్‌కి, కుడి స్పీకర్ వైరు ఎడమ టెర్మినల్‌కి బిగించండి. ప్లస్సు ప్లస్సుకే, మైనస్సు మైనస్సుకే. వాల్యూమ్ బాగా తగ్గించి ఆన్ చేయండి. ఇప్పటికీ ఎడమ స్పీకరే మూగగా ఉంటే ఆంప్ తప్పేం లేదు, స్పీకర్‌లోనో దాని వైరులోనో ఉంది జబ్బు. వైరు మార్చి చూస్తే ఆ రెండిట్లో ఏదో తెలిసిపోతుంది. అలా కాకుండా ఎడమ స్పీకర్ పాడి కుడిది మూగబోతే, జబ్బు ఆంప్‌లో గానీ అంతకు ముందు గానీ ఉన్నట్టు. వైర్లు మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేయండి.

రెండో మార్పిడి. సీడీ ప్లేయరో, టేప్ డెక్కో, ఏది వాడుతున్నారో దాన్నుంచి ఆంప్‌కి వచ్చే పిన్నులు రెండు. ఎరుపు కుడి పక్కది, తెలుపు ఎడమది (కొన్ని కేబుళ్ళలో తెలుపు బదులు నలుపు). ఆంప్ ఆపి, ఆంప్ దగ్గర మాత్రమే వాటిని అటుదిటు గుచ్చండి. మూగతనం కుడి స్పీకర్‌కి మారిందా? జబ్బు ప్లేయర్‌లోనో కేబుల్‌లోనో ఉంది. ఎడమనే ఉండిపోయిందా? ఆంప్‌లోనే.

మారితే ఇంకో అడుగుంది. ఆంప్ దగ్గర పిన్నులు సరిగ్గా పెట్టేసి, ఈసారి ప్లేయర్ దగ్గర అటుదిటు చేయండి. మూగతనం కుడికి పోతే ప్లేయర్‌ది తప్పు. ఎడమనే ఉంటే కేబుల్‌ది. మొదటిసారి చదివినప్పుడు తికమకగా ఉంటుంది, కాగితం మీద గీతలు గీసుకుని చూడండి.

ఒక్కోసారి ఒక్కటే మార్చాలి, మార్చినదల్లా రాసుకోవాలి. ఇందులో నేను తిన్న దెబ్బ చెప్తాను. ఒక ట్రాక్ డే మధ్యాహ్నం టైర్లలో గాలి తగ్గించి, అదే విరామంలో బ్రేక్ ప్యాడ్లు కూడా మార్చేశాను. చుట్టుకి రెండు సెకన్లు మెరుగైంది. దేనివల్లో ఇప్పటికీ నాకు తెలీదు. వేడెక్కే కొద్దీ టైర్లలో గాలి ఒత్తిడి ఎలాగూ పెరుగుతుంది, దాన్ని కూడా రాసుకోలేదు. ఆంప్ వెనక కూడా అంతే, వైరూ పిన్నూ ఒకేసారి తిప్పేస్తే సౌండు వస్తుందేమో గానీ ఎందుకొచ్చిందో తెలీదు. వారానికి మళ్ళీ పోతుంది.

సరే, అన్నీ చూశాక జబ్బు ఆంప్‌లోనే అని తేలిందనుకుందాం. మా పెదనాన్న ఆంప్‌లో తేలింది అదే. అప్పుడు ఒక లక్షణం గమనించండి: తక్కువ వాల్యూమ్‌లో ఆ పక్క పలకదు, నాబ్ బాగా తిప్పితే ఉన్నట్టుండి ఠప్పున వస్తుంది, తర్వాత తగ్గించినా కాసేపు ఉంటుంది. ఇలా ఉంటే నా అనుమానం ముందు రిలే మీదకి పోతుంది.

ఆన్ చేసిన మూడు నాలుగు సెకన్లకి లోపల "టక్" అని వినిపిస్తుందే, అది రిలే. ఆంప్ కుదురుకునే దాకా స్పీకర్లను కలపకుండా ఆపి, తర్వాత కలిపే స్విచ్చి. దాని కాంటాక్టుల్లో వెండి ఉంటుంది. వాడకపోతే వెండి పట్టీలు నల్లబడినట్టే ఏళ్ళ తరబడి అవీ నల్లబడతాయి. ఆ సన్నటి పొరను దాటడానికి చిన్న సిగ్నల్‌కి బలం చాలదు. వాల్యూమ్ పెంచితే పొర చిట్లి దారి దొరుకుతుంది. రాత్రిపూట ఎవరికీ నిద్ర చెడకుండా మెల్లగా వినే ఇళ్ళలో ఈ జబ్బు తొందరగా బయటపడుతుంది. మా నెల్లూరులో మైపాడు వైపు నుంచి వచ్చే సముద్రపు గాలి కూడా తన వంతు సాయం చేస్తుంది.

ఇప్పుడు మూత విప్పొచ్చు. ప్లగ్గు గోడ నుంచి తీసేశాకే. తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో (కరెంటు దాచుకునే గుండ్రటి డబ్బాలు) నలభై యాభై వోల్టులు నిలవ ఉంటుంది. మల్టీమీటర్ డీసీలో పెట్టి చూడండి, రెండు మూడు వోల్టుల లోపు దిగేదాకా చెయ్యి పెట్టకండి. తొందరైతే వంద ఓమ్‌ల పది వాట్ రెసిస్టర్‌ని, దాని కాళ్ళను వేళ్ళతో తాకకుండా, కెపాసిటర్ రెండు కొసలకీ ఆనించండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసేవాళ్ళుంటారు. మీరు చేయొద్దు.

స్పీకర్ టెర్మినల్స్‌కి దగ్గర్లో, పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బీలా ఉండేదే సాధారణంగా రిలే. డబ్బీ ఊడి వచ్చే రకమైతే, పాత విజిటింగ్ కార్డు నుంచి సన్నటి ముక్క కోసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, కాంటాక్టుల మధ్య దూర్చి, పైన వేలితో మెల్లగా నొక్కి పట్టి లాగండి. ముక్క మీద నల్లటి చార కనిపిస్తుంది. చార పడడం ఆగేదాకా కొత్త ముక్కలతో మళ్ళీ మళ్ళీ. ఉప్పు కాగితం మాత్రం వాడకండి, పైపూత లేచిపోయి ఆరు నెలల్లో ఇంకా అధ్వానమవుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కూడా వద్దు.

డబ్బీ ఊడని రకమైతే కొత్త రిలే వేయడమే మేలు. కాయిల్ వోల్టేజీ (ఎక్కువగా 24 వోల్టులు), కాంటాక్టుల ఆంపియర్లు దాని మీదే రాసి ఉంటాయి. కాళ్ళ అమరిక కూడా ఫోటో తీసుకోండి. నేను ట్రాక్‌కి వెళ్ళినప్పుడు చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో రెండు తెచ్చుకున్నాను, ఒకటి వేశాను, ఇంకోటి డబ్బాలో ఉంది. శుభ్రం చేసిన రిలే కంటే కొత్తది ఎక్కువ కాలం వస్తుందని నా నమ్మకం.

మూత పెట్టేముందు ఇంకో కొలత. స్పీకర్లు తగిలించకుండా, వాల్యూమ్ సున్నాలో పెట్టి ఆన్ చేసి, రిలే టక్కుమన్నాక ఒక్కో పక్క స్పీకర్ టెర్మినల్స్ మధ్య డీసీ వోల్టేజీ చూడండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత. 100 దాటితే స్పీకర్లు పెట్టకుండా ఆగండి.

ఇంటిపని: బాగున్న సెట్ మీదే ఈ మార్పిళ్ళు చేయండి. ఇంట్లో ఎవరినైనా, మీరు చూడకుండా ఒక పిన్ను సగం లాగి పెట్టమనండి, అది ఏ పిన్నో వంగి చూడకుండా మార్పిళ్ళతోనే కనిపెట్టండి. నోట్‌బుక్‌లో మూడు గళ్ళు చాలు: ఏం మార్చాను, జబ్బు ఎటు వెళ్ళింది, అంటే ఏమిటి.

రిలే అసలు టక్కుమనకపోతే, రెండు పక్కలా నిశ్శబ్దమే అయితే, ఆ కథ వేరు. వచ్చే పాఠం దాని గురించే. ఈలోగా ఎవరైనా "రిలేని వైరుతో కలిపేస్తే సరిపోతుంది" అంటే వినకండి. అది కలవడం లేదంటే చాలాసార్లు లోపల ఏదో లోపం చూసి, స్పీకర్లకి భయపడే కలవడం లేదు.