శాతాల లెక్క – 4వ పాఠం: హారం ఎక్కడ దాక్కుంది?

మూడో పాఠం చివర ఒకే ఒక ప్రశ్న ఇచ్చాను. వస్తువు మీద జీఎస్టీ 28% నుంచి 18%కి దిగింది, అమ్మేవాళ్లు తమ లాభం పైసా కూడా మార్చుకోలేదు. కొనేవాళ్లకి ధర ఎంత శాతం తగ్గాలి? ఎక్కువమంది 10% అన్నారు. కొందరు పదిని 28తో భాగించి 35.7% అన్నారు. సరైన జవాబు 7.8%.

ఈ పాఠంలో చక్రవడ్డీ మొదలుపెట్టాల్సింది. అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. ఈ తప్పు దిద్దుకోకుండా ముందుకెళితే చక్రవడ్డీలో ప్రతి అడుగునా ఇదే కాలికి తగులుతుంది. శాతం అంటే నూటికి ఎంత అన్న సంగతి మళ్లీ చెప్పను, నేరుగా లెక్కలోకి వెళ్దాం.

పన్ను వేయకముందు వస్తువు మూలధర 100 రూపాయలు అనుకోండి. పాత పన్నుతో జేబులోంచి తీసింది 128, కొత్త పన్నుతో తీయాల్సింది 118. తగ్గింది పది రూపాయలే, అందులో తేడా లేదు. ఆ పదిని దేనితో భాగిస్తున్నాం? కొనేవాళ్లు ఇదివరకు ఇచ్చింది 128 కాబట్టి 10 ÷ 128, అంటే 7.8%. మూలధర 100తో భాగిస్తే 10% వస్తుంది, కానీ ఆ మూలధర కొనేవాళ్ల కంట పడేది కాదు. పాత పన్ను 28తో భాగిస్తే 35.7% వస్తుంది. ‘పన్ను భారం 35.7% తగ్గింది’ అంటే అది నిజమే, వస్తువు ధర గురించి అడిగినప్పుడు మాత్రం అది జవాబు కాదు. మూడు జవాబుల్లోనూ లవం ఒకటే, పది రూపాయలు. మారిందల్లా హారం, అంటే కింద ఉండి భాగించే సంఖ్య.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాక ఈ లెక్క ఇంటింటికీ వచ్చింది. 28 నుంచి 18కి దిగితే ధర తగ్గేది 7.8%. 18 నుంచి 5కి దిగితే 118 కాస్తా 105 అవుతుంది, 11% తగ్గినట్టు. 12 నుంచి 5కి దిగితే 112లో 7, అంటే 6.25%. సిమెంటు 28 నుంచి 18కి దిగిన సరుకే. బస్తా 350 అనుకుంటే కొత్త ధర 315 కాదు, 322 రూపాయల 66 పైసలు. 350 సీసీ లోపు మోటార్ సైకిల్ ఎక్స్‌షోరూమ్ ధర లక్ష ఉంటే 1,00,000 ÷ 1.28 = 78,125 మూలధర, దాన్ని 1.18తో గుణిస్తే 92,187 రూపాయల 50 పైసలు. తగ్గాల్సింది 7,812 రూపాయల 50 పైసలు. పదివేలు తగ్గలేదని షోరూమ్‌తో గొడవకి దిగేముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. ఇన్సూరెన్సు, లైఫ్ ట్యాక్సు కలిసిన ఆన్‌రోడ్ ధర మీద చూస్తే శాతం ఇంకోలా వస్తుంది, ఎందుకంటే అక్కడ హారం మళ్లీ మారింది. చిన్న పెట్రోలు కార్ల మీద ఇదివరకు 28కి తోడు 1% సెస్సు ఉండేది. అక్కడ 129 నుంచి 118, అంటే 8.5%.

ఇప్పుడు అసలు ఉచ్చు దగ్గరికి. దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. బీకాం చదివినవాళ్లు కూడా ఇందులో పడుతున్నారు, దీనివల్ల చిన్న వ్యాపారుల జేబుకి నిజంగా చిల్లు పడుతోంది.

ఎమ్మార్పీలో పన్ను ముందే కలిసి ఉంటుంది. 1,180 రూపాయల ఎమ్మార్పీ వస్తువు మీద 18% జీఎస్టీ. మూలధర ఎంత? ఫోన్ తీసి 1180 − 18% అని నొక్కుతారు. చాలా ఫోన్లలో 967.6 అని వస్తుంది. తప్పు. జవాబు 1,000.

ఫోన్‌ది తప్పు కాదు. అది 1,180లో 18 శాతం తీసేసింది. మనకి కావాల్సింది మూలధర మీద వేసిన 18 శాతం. పన్ను వేసినప్పుడు హారం చిన్నది, వెయ్యి. తీసేటప్పుడు పెద్దదాన్ని, 1,180ని, హారంగా పట్టుకున్నాం. పెద్దదాంట్లో 18 శాతం పెద్దదే అవుతుంది, కాబట్టి వేసినదానికంటే ఎక్కువ తీసేశాం. సరిచూడటం తేలిక. 967.60ని 1.18తో గుణించండి. 1,141.77 వస్తుంది, 1,180 రాదు. 38 రూపాయలు ఎటో పోయాయి.

తీయాల్సినప్పుడు తీసివేత వద్దు, భాగించండి. 1180 ÷ 1.18 = 1000. పన్ను 5% అయితే 1.05తో, 3% అయితే 1.03తో, 40% అయితే 1.40తో. ఎమ్మార్పీలో దాగిన పన్ను ఎంత అని నేరుగా కావాలంటే ఈ నాలుగూ గుర్తు పెట్టుకోవచ్చు: 3% పన్ను ఎమ్మార్పీలో 2.91%, 5% పన్ను 4.76%, 18% పన్ను 15.25%, 40% పన్ను 28.57%. రేటు పెరిగేకొద్దీ ఎడం ఎలా పెరుగుతోందో చూడండి. చిన్న రేట్ల దగ్గర తప్పు చేసినా కనపడదు, అందుకే అలవాటైపోతుంది. పెద్ద రేటు దగ్గరికి వచ్చేసరికి అదే తప్పు వేలల్లో తేలుతుంది.

ఎంత నష్టమో ఒక దుకాణం లెక్కలో చూద్దాం. నెలలో పన్నుతో కలిపి లక్ష రూపాయల అమ్మకం, అన్నీ 18% సరుకులే. లక్షలో 18 శాతం అంటూ 18,000 పన్ను కింద పక్కన పెడితే, అసలు కట్టాల్సింది 15,254 రూపాయల 24 పైసలే. 2,745 రూపాయల 76 పైసలు అదనం. కొన్న సరుకు మీద కట్టిన పన్ను మినహాయించుకోవడం వేరే లెక్క, ఈ తప్పు దానితో పూడదు.

ఈ ఉచ్చుకి తోబుట్టువు కొట్లోనే ఉంటుంది. 80కి కొని 100కి అమ్మిన సరుకు మీద ‘పాతిక శాతం వేసుకున్నా’ అంటారు షావుకారు. కొన్నవెల హారం, నిజమే. వాళ్ల ఆడిటరు ‘మీ మార్జిన్ ఇరవై శాతం’ అంటారు. అమ్మినవెల హారం, అదీ నిజమే. ఆ పాతిక నమ్ముకుని 25% తగ్గింపు బోర్డు పెడితే మాత్రం అమ్మేది 75కి. సరుకుకి ఐదు రూపాయలు నష్టం.

నా పద్ధతి చెబుతాను, నచ్చితే తీసుకోండి. శాతాల్ని నేనెప్పుడూ కూడను, తీసివేయను. 18% పెంపు అంటే ×1.18, 20% తగ్గింపు అంటే ×0.80 అని ముందు గుణకంగా మార్చేస్తాను. వెనక్కి వెళ్లాలంటే అదే గుణకంతో భాగిస్తాను. ‘50% పైన మరో 20%’ అన్న చీరల దుకాణం బోర్డు 0.50 × 0.80 = 0.40 అవుతుంది, అంటే తగ్గింపు 60%, డెబ్బై కాదు. ఫోన్‌లో శాతం బొత్తాన్ని నేను ముట్టను. మీరూ ఈ పాఠాలు అయ్యేదాకా ముట్టవద్దు. రాసేటప్పుడు కూడా ‘18%’ అని ఆపకండి, పక్కనే ‘మూలధరలో’ అనో ‘బిల్లులో’ అనో రాయండి. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే సగం పాఠం వచ్చినట్టే.

బంగారం కొట్టుకి వెళ్దాం. అక్కడ ఒకే బిల్లులో మూడు హారాలుంటాయి. 22 క్యారెట్ల గొలుసు, నికర బరువు 20 గ్రాములు. లెక్క తేలిగ్గా ఉండటానికి గ్రాము 10,000 అనుకుందాం. తరుగు 12%. ఇక్కడ హారం బరువు, డబ్బు కాదు. 20 గ్రాముల్లో 12 శాతం 2.4 గ్రాములు, కాబట్టి మీరు 22.4 గ్రాములకి డబ్బు కడుతున్నారు: 2,24,000. ఆ మొత్తం మీద 3% జీఎస్టీ 6,720. బిల్లు 2,30,720.

‘తరుగులో 25% తగ్గింపు’ అని పండగ ప్రకటన వచ్చింది. 12లో పాతిక శాతం 3, కాబట్టి తరుగు 9%కి దిగింది. బరువు 21.8 గ్రాములు, విలువ 2,18,000, జీఎస్టీ 6,540, బిల్లు 2,24,540. మిగిలింది 6,180 రూపాయలు. బిల్లు మొత్తంతో పోలిస్తే 2.7%. ప్రకటనలో 25 పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అందులో అబద్ధం లేదు, దాని హారం తరుగు.

రాళ్లు పొదిగిన నగ అయితే ఇంకొక్కటి చూడాలి. బిల్లులో స్థూల బరువు, నికర బరువు అని రెండుంటాయి. స్థూల బరువు 20 గ్రాములు, రాళ్లు తీస్తే నికరం 18 అనుకోండి. 12% తరుగు 18 మీద వేస్తే 2.16 గ్రాములు, 20 మీద వేస్తే 2.4. తేడా 0.24 గ్రాము, పైన అనుకున్న ధరకి 2,400 రూపాయలు. రాళ్లలో బంగారం తరగదు కాబట్టి తరుగు నికర బరువు మీదే వేయించుకోవాలి. బేరం మొదలవ్వకముందే ‘తరుగు దేని మీద వేస్తున్నారు?’ అని అడగండి. బిల్లు కొట్టాక అడిగితే ప్రయోజనం తక్కువ.

ఎన్నికల లెక్కల్లో హారం మరీ లోతుగా దాక్కుంటుంది. 2024 ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో టీడీపీకి 45.60% ఓట్లు, వైఎస్సార్సీపీకి 39.37%, జనసేనకి 6.85%, బీజేపీకి 2.83%. సీట్లు వరుసగా 135, 11, 21, 8. జనసేనకి 7 శాతం కూడా రాలేదు, 21 సీట్లెలా వచ్చాయి అని అడిగేవాళ్లున్నారు. ఈ శాతాలన్నిటికీ హారం రాష్ట్రం మొత్తం ఓట్లు, 175 నియోజకవర్గాలవి. జనసేన పోటీ చేసింది 21 చోట్లే. 175లో 21 అంటే 12%. నియోజకవర్గాలన్నీ సుమారు సమానమనుకుంటే 6.85 ÷ 0.12 = 57. పోటీ చేసినచోట ఆ పార్టీకి నూటికి 57 ఓట్లు పడ్డాయన్నమాట. 144 చోట్ల నిలబడ్డ టీడీపీకి ఇదే లెక్కలో సుమారు 55, పది చోట్ల నిలబడ్డ బీజేపీకి సుమారు 50. వైఎస్సార్సీపీ 175 చోట్లా ఉంది కాబట్టి దాని 39.37 అలాగే ఉంటుంది. 45.60, 39.37 పక్కపక్కన పెట్టి ‘తేడా ఆరు శాతమే కదా’ అనడం 144 చోట్ల పోటీని, 175 చోట్ల పోటీని ఒకటిగా చూడటం.

2019లో 39.17% ఓట్లతో టీడీపీకి 23 సీట్లు, 2024లో దాదాపు అదే వాటాతో వైఎస్సార్సీపీకి 11. ఇక్కడ హారం ఒకటే, మారింది ఎదుటి ఓట్లు. 2019లో టీడీపీ, జనసేన, బీజేపీ విడివిడిగా నిలబడ్డాయి. 2024లో మూడూ కలిసి నిలబడ్డాయి.

క్రికెట్ సగటుకి కూడా హారం ఉంది. ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్‌మన్ టెస్టుల్లో 80 ఇన్నింగ్స్‌లో 6,996 పరుగులు చేశాడు. 80తో భాగిస్తే 87.45. అందరికీ తెలిసిన 99.94 ఎలా వచ్చింది? పదిసార్లు నాటౌట్, కాబట్టి హారం 70. పరుగుల్ని అవుటైన లెక్కతో భాగిస్తారు, ఆడిన లెక్కతో కాదు. 1948లో ఓవల్‌లో చివరి ఇన్నింగ్స్‌లో నాలుగు పరుగులు చేసి అవుటైనా సరిగ్గా వంద వచ్చేది, సున్నాకి అవుటయ్యాడు. ఆ సున్నా నాటౌట్ సున్నా అయ్యుంటే హారం 69, సగటు 101.39. పరుగులు అవే.

వడ్డీ రేట్ల వార్తల్లో ‘శాతం’, ‘శాతం పాయింట్లు’ కలిపేస్తారు, ఇది త్వరగా ముగిస్తాను. 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు రెపో రేటుని, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.50 నుంచి 6.25కి దించింది. తగ్గింది 0.25 శాతం పాయింట్లు, బ్యాంకుల భాషలో 25 బేసిస్ పాయింట్లు. రేటునే హారంగా తీసుకుంటే తగ్గుదల 3.85%. మీ ఇంటి లోను ఈఎంఐ తగ్గే శాతం ఈ రెండూ కాదు. ఇరవై ఏళ్ల లోను వడ్డీ 8.75 నుంచి 8.50కి దిగితే లక్షకి ఈఎంఐ 884 నుంచి 868కి వస్తుంది, 1.8% తగ్గినట్టు. బ్యాంకులు చాలాసార్లు ఈఎంఐ అలాగే ఉంచి వాయిదాల సంఖ్య తగ్గిస్తాయి కాబట్టి ఆ పదహారు రూపాయలు నెలనెలా చేతికి రాకపోవచ్చు. లోను స్టేట్‌మెంట్‌లో మిగిలిన నెలలు చూడండి.

అభ్యాసం ఈసారి కాస్త బరువైనదే.

ఒకటి. ఒక వారం రోజులు మీ ఇంటికి వచ్చే దినపత్రికలో శాతం గుర్తు ఉన్న ప్రతిచోటా, ప్రకటనలతో సహా, పెన్సిలుతో హారం రాయండి. వార్తలో హారం చెప్పకపోతే ప్రశ్నార్థకం పెట్టండి. వారం చివర ప్రశ్నార్థకాలు లెక్కపెట్టి రాసి ఉంచుకోండి. ఐదో పాఠానికి ఆ కాగితం కావాలి.

రెండు. దుకాణంలో వస్తువు మూలధరని 20% పెంచి, దాని మీద 20% తగ్గింపు ఇచ్చి, 18% జీఎస్టీ కలిపి 5,664 రూపాయల బిల్లు ఇచ్చారు. మొదటి మూలధర ఎంత? గుణకాలతోనే చేయండి, శాతం బొత్తాం వద్దు. 5,000 వస్తే సరిగ్గా చేసినట్టు.

మూడు. 20% అదనంగా నింపిన షాంపూ సీసా అదే ధరకి, 20% తక్కువ ధరకి మామూలు సీసా. మిల్లీలీటరుకి ఏది చవక, ఎంత శాతం? జవాబుతో పాటు హారం ఏదో కూడా రాయండి.