తెలుగు గేమింగ్ సర్వర్‌లో మోడరేషన్: గొడవను ఆపుతూ చర్చను నిలబెట్టడం ఎలా

ఆటగాళ్ళు మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో ఒక తెలుగు గేమింగ్ సర్వర్ (గ్రూపు) మొదలైనప్పుడు అందులో ఉండేది పది పదిహేను మంది స్నేహితులే కాబట్టి నియమాల ఊసే రాదు. ఒకరినొకరు ఏమనుకున్నా మర్నాటి రాత్రి మళ్ళీ ఒకే స్క్వాడ్‌లో (నలుగురి జట్టులో) దిగుతారు. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆటలో స్క్రిమ్స్, అంటే జట్ల మధ్య సాధన మ్యాచ్‌లు, పెట్టడం మొదలై, యూట్యూబ్ లైవ్ కింద సర్వర్ లింకు ఇచ్చి, ముక్కూ మొహం తెలియనివారు వందల్లో చేరాకే చిక్కులు వస్తాయి. అప్పుడు చాలామంది అడ్మిన్లు రెండు దారుల్లో ఏదో ఒకటి పట్టుకుంటారు. తమకు నచ్చని మెసేజ్‌నల్లా డిలీట్ చేసి «టాక్సిక్» అని ముద్ర వేయడం ఒకటి, «ఇదంతా సరదాకే కదా» అని అన్నింటినీ వదిలేయడం రెండోది. మొదటి దారిలో విమర్శించేవారు పోతారు, రెండో దారిలో నెమ్మదస్తులు పోతారు. అడ్మిన్ తీసుకున్న నిర్ణయం తప్పని ఒక సభ్యుడు అదే సర్వర్‌లో, అందరి ముందూ, బ్యాన్ భయం లేకుండా చెప్పగలిగే పరిస్థితి ఉండాలి. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతులన్నీ దానికోసమే. ఆ వీలు లేని చోట అసంతృప్తి వేరే వాట్సాప్ గ్రూపులోకి చేరుతుంది. సగం స్క్వాడ్‌లు వెళ్ళిపోయేదాకా అడ్మిన్‌కు సంగతి తెలియదు.

నియమాలు రాయడం

నియమం ప్రవర్తన గురించి ఉండాలి గానీ అభిప్రాయం గురించి కాదు. «గౌరవంగా ఉండండి» అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే దాన్ని ప్రతి మోడరేటరూ (నియమాల అమలు చూసే సభ్యుడు) తనకు తోచినట్టు చదువుకుంటాడు కాబట్టి, ఏది కూడదో పేరుపెట్టి చెప్పడం మేలు. కులం పేరుతో కించపరచడం, ఎదుటివారి ఇంట్లోని ఆడవాళ్ళను తిట్టులోకి లాగడం, శ్రీకాకుళం యాసనో తెలంగాణ యాసనో వెక్కిరించి మనిషిని తక్కువ చేయడం, ఇతరుల అసలు పేరు, ఫొటో, ఫోన్ నంబరు, కాలేజీ వివరాలు బయటపెట్టడం, బయట కలిస్తే చూసుకుంటానని బెదిరించడం: ఇవన్నీ విడివిడిగా రాయాలి. దాని కిందనే, ఆటలోని అప్‌డేట్లనూ, గన్ బ్యాలెన్స్‌నూ, స్ట్రీమర్లనూ, స్క్రిమ్ నిర్వహణనూ, మోడరేటర్ల తీరునూ ఎంత గట్టిగానైనా విమర్శించవచ్చని కూడా రాయాలి. ఏది కూడదో చెప్పి, ఏది చేయవచ్చో చెప్పని నియమావళిని కొత్తవారు చదివితే నోరు మూసుకుని ఉండమన్నట్టే అర్థమవుతుంది.

సినిమా హీరోల అభిమానుల తగవులకూ, పార్టీ రాజకీయాలకూ గేమ్ సర్వర్‌లో చోటు అక్కర్లేదని నా అభిప్రాయం. కానీ దాన్ని నిషేధించదలిస్తే ముందే ప్రకటించి, అందరు హీరోలకూ అన్ని పార్టీలకూ ఒకేలా వర్తింపజేయాలి. ఒక హీరో పుట్టినరోజు పోస్టర్‌ను అడ్మినే పెట్టి, మరో హీరో అభిమానుల మెసేజ్‌లను «ఆఫ్ టాపిక్» అని తీసేస్తే ఆ నియమానికి విలువ ఉండదు.

చర్చకు తావులేని విషయాలూ కొన్ని ఉన్నాయి. బెట్టింగ్ యాప్‌ల లింకులు వాటిలో మొదటివి. ఆన్‌లైన్ రమ్మీ వంటి పందెపు ఆటలను నిషేధిస్తూ తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ చట్టాలను సవరించుకున్నాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను ప్రచారం చేసేవారికి రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చని చెబుతోంది. «రిఫరల్ కోడ్ వాడండి బ్రో» అన్న మెసేజ్ కనబడగానే తీసేయాలి. దాని మీద ఓటింగ్ పెట్టనక్కర్లేదు. చవకగా యూసీ (బీజీఎంఐలో కొనుగోళ్ళకు వాడే కరెన్సీ) ఇప్పిస్తామనే వారినీ, గేమ్ ఐడీలు అమ్మేవారినీ ఇదే కోవలో చేర్చాలి.

ఆటోమోడ్‌ను ఎంతవరకు నమ్మాలి

మెసేజ్‌లను దానంతటదే వడపోసే డిస్కార్డ్ ఆటోమోడ్‌లో సిద్ధంగా ఉండే బూతుల జాబితా మీద ఆధారపడితే తెలుగు తిట్లు ఆగవు. తెలుగు బూతును మనవాళ్ళు రోమన్ లిపిలో నాలుగైదు రకాల స్పెల్లింగులతో రాస్తారు, మధ్యలో అంకెలు ఇరికిస్తారు, చివర విభక్తులూ సంబోధనలూ తగిలిస్తారు. అందుకని పదం మొదటి అక్షరాలిచ్చి పక్కన నక్షత్రం గుర్తు పెట్టుకునే సదుపాయాన్ని వాడుకోవలసి వస్తుంది. తీరా ఆ నక్షత్రం పెట్టాక, బీజీఎంఐ మళ్ళీ నిషేధిస్తారన్నది ఒట్టి పుకారేనని రోమన్ లిపిలో రాసిన పెద్దమనిషి మెసేజ్ కూడా ఆగిపోతుంది. ఎందుకో తెలుగువారికి విడమర్చి చెప్పనక్కర్లేదు. కనుక జాబితాలు రెండు చేసుకోవాలి. ఏ సందర్భంలోనూ మంచి అర్థం రాని కొద్ది మాటలను మాత్రమే పూర్తిగా అడ్డుకునే జాబితాలో పెట్టి, అనుమానం ఉన్నవాటికి మెసేజ్‌ను వెళ్ళనిచ్చి మోడరేటర్ల ఛానల్‌కు అలర్ట్ మాత్రమే వచ్చేలా చూడాలి.

«రా», «రేయ్» అన్న పిలుపులను ఏ జాబితాలోనూ పెట్టకూడదు. నాలుగేళ్ళుగా కలిసి ఆడుతున్నవారి మధ్య అది చనువు, నిన్న చేరిన అమ్మాయిని అదే మాటతో పిలిస్తే అవమానం. ఆ తేడాను మనిషే చూడగలడు. మోడరేటర్ మాత్రం, ఎదుటివాడు ఎలా మాట్లాడినా, మోడరేటర్‌గా రాసే ప్రతి మెసేజ్‌లోనూ «మీరు» అనే అనాలి. ఈ చిన్న అలవాటు ఎన్ని తగవులను మొదట్లోనే చల్లారుస్తుందో పాటించినవారికే తెలుస్తుంది.

శిక్షకు మెట్లు ఉండాలి

మొదటిసారి దారి తప్పినవారికి వ్యక్తిగతంగా ఒక హెచ్చరిక, మళ్ళీ చేస్తే టైమౌట్ (కొంతసేపు మాట్లాడనివ్వకపోవడం), ఆ తర్వాతే బ్యాన్. డిస్కార్డ్ మెనూలో టైమౌట్ ఒక్క నిమిషం నుంచి వారం దాకా ఉంటుంది. రాత్రి పన్నెండింటికి ఓడిపోయిన మ్యాచ్ వేడిలో నోరు జారినవారికి గంట చాలు, పదే పదే చేసేవారికి ఒక రోజు. వెంటనే బ్యాన్ చేయవలసినవి వేరే ఉన్నాయి: మైనర్లతో అసభ్యంగా మాట్లాడటం, ఇతరుల వ్యక్తిగత వివరాలు బయటపెట్టడం, నిజమైన బెదిరింపు. ఉచిత నైట్రో (డిస్కార్డ్ చెల్లింపు చందా) పేరిట మోసపు లింకులు పంపేది చాలాసార్లు హ్యాక్ అయిన అకౌంటే కాబట్టి, అలాంటివారిని అప్పటికి తొలగించినా అకౌంట్ తిరిగి చేతికొచ్చాక రానివ్వాలి.

ఏ చర్య తీసుకున్నా కారణం ఒక్క వాక్యంలో రాసి పెట్టాలి. డిస్కార్డ్ ఆడిట్ లాగ్ (సర్వర్‌లో తీసుకున్న చర్యల చిట్టా) 45 రోజుల వరకే ఉంటుంది, డిలీట్ చేసిన మెసేజ్‌లో ఏముందో అది చూపించదు. అందువల్ల మోడరేటర్లకు మాత్రమే కనిపించే ఛానల్ ఒకటి తెరిచి, డిలీట్ చేసే ముందే స్క్రీన్‌షాట్ తీసి, ఎవరు, ఎప్పుడు, ఏ నియమం కింద, ఏ చర్య తీసుకున్నారో అందులో పెట్టాలి. మూడు నెలల తర్వాత «నన్ను ఎందుకు బ్యాన్ చేశారు?» అని అడిగే మనిషికి చూపించడానికి మిగిలేది అదొక్కటే.

విమర్శ మోడరేటర్ మీదే వచ్చినప్పుడు

అసలు పరీక్ష ఇక్కడ ఉంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. స్క్రిమ్ రాత్రి తొమ్మిదికి, స్లాట్ల నమోదు సాయంత్రం ఆరింటికి. స్క్రిమ్ కోసం తెరిచే కస్టమ్ రూమ్‌లో వంద మందికి మించి పట్టరు, అంటే నలుగురి చొప్పున ఇరవై ఐదు స్క్వాడ్‌లే. ఆరూ రెండుకు నమోదు చేసుకున్న స్క్వాడ్‌కు స్లాట్ దక్కక, ఆరూ పదికి వచ్చిన, స్క్రిమ్ నడిపే హోస్ట్ మిత్రుల స్క్వాడ్ జాబితాలో కనిపించిందనుకోండి. జనరల్ ఛానల్‌లో వచ్చే మెసేజ్ ఇలా ఉంటుంది: «స్లాట్లన్నీ అడ్మిన్ చుట్టాలకేనా? దీనికి రిజిస్ట్రేషన్ నాటకం దేనికి రా?»

ఇందులో రెండు సంగతులున్నాయి. స్లాట్ల పంపిణీ సరిగా జరగలేదన్న ఆరోపణ ఒకటి, వాడిన భాష రెండోది. భాషను సాకు చేసుకుని ఆరోపణను డిలీట్ చేయడమే సాధారణంగా జరిగే తప్పు. ఆ మెసేజ్ కటువుగా ఉందే గానీ నియమాన్ని దాటలేదు కాబట్టి దాన్ని అలాగే ఉంచి, హోస్ట్ కాని మోడరేటర్ ఒకరు ఇలా రాయాలి: «బ్రో, మీ నమోదు సమయం ఆరూ రెండు అని కనిపిస్తోంది. జాబితా ఎలా తయారైందో హోస్ట్‌ను అడుగుతున్నాం. రేపు రాత్రిలోగా ఫిర్యాదుల ఛానల్‌లో సమాధానం పెడతాం, మిగతాది అక్కడ మాట్లాడదాం.» ఒకవేళ ఆ మెసేజ్‌లో బూతు కూడా ఉంటే, బూతుకు టైమౌట్ ఇచ్చినా ఆరోపణకు జవాబు ఇవ్వక తప్పదు. టైమౌట్ ఇచ్చాం కాబట్టి ఫిర్యాదు చెల్లదు అనకూడదు.

దీనికి మూడు ఏర్పాట్లు ముందే ఉండాలి. ఎవరి నిర్ణయం మీద ఫిర్యాదు వచ్చిందో ఆ మోడరేటర్ దానిలో తీర్పు చెప్పకూడదు, ఫిర్యాదుదారుపై ఏ చర్యా తీసుకోకూడదు. తన వాదన రాసిస్తే చాలు. ఫిర్యాదుల కోసం ఫోరమ్ తరహా ఛానల్ తెరిస్తే ఒక్కో ఫిర్యాదు ఒక్కో పోస్టుగా విడిగా నిలుస్తుంది, వేరే మాటల కింద కొట్టుకుపోదు. అందులో రెండు నిమిషాల స్లో మోడ్ (ఒకరి ఒక మెసేజ్‌కూ మరోదానికీ మధ్య ఆగవలసిన వ్యవధి) పెడితే, పదిమంది ఒకరి మీద ఒకేసారి విరుచుకుపడే వీలు తగ్గి, ఒక్కొక్కరూ ఒక్కో మెసేజ్‌లో తమ మాట పూర్తిగా చెప్పవలసి వస్తుంది. చివరిగా, నిర్ణయాన్ని గడువులోగా కారణంతో సహా అక్కడే ప్రకటించాలి. హోస్ట్‌దే తప్పని తేలితే «చిన్న పొరపాటు» అని దాటవేయకుండా, ఆ స్క్వాడ్‌కు తర్వాతి స్క్రిమ్‌లో స్లాట్ ఖాయం చేసి, ఆ సంగతి రాయాలి. తీర్పు వచ్చాక కొత్త ఆధారం లేకుండా అదే ఫిర్యాదును రోజూ తవ్వేవారికి పోస్టు మూసేయడం మాత్రం అన్యాయం కాదు.

ఈ తలనొప్పి చిన్న సర్వర్లకే పరిమితం కాదు. ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ నడిపే ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష యుద్ధాల ఆటలో, సంస్థ ఉద్యోగి ఒకరు ఆటలో తన కూటమికి అరుదైన బ్లూప్రింట్లు (నౌకల వంటివి తయారుచేసుకునే నమూనాలు) కట్టబెట్టిన సంగతి 2007లో బయటపడి పెద్ద దుమారం రేగింది. మరుసటి ఏడాది, ఆటగాళ్ళే ఓటు వేసి ఎన్నుకునే కౌన్సిల్ ఆఫ్ స్టెల్లార్ మేనేజ్‌మెంట్ ఏర్పడింది. 2011లో ఆటలోని దుకాణపు ధరల మీద ఆటగాళ్ళు తిరగబడి, జిటా అనే వ్యాపార కేంద్రం దగ్గర గుమిగూడి అక్కడి కట్టడం మీద కాల్పులకు దిగినప్పుడు, సంస్థ ఆ కౌన్సిల్ సభ్యులనే ఐస్‌లాండ్‌కు పిలిపించి మాట్లాడింది. మూడు వందల మంది ఉన్న సర్వర్‌కు ఎన్నికలు అక్కర్లేదు గానీ, మోడరేటర్లు కాని ఇద్దరు పాత సభ్యులను ఫిర్యాదుల పరిశీలనలో కూర్చోబెట్టడం ఎవరికైనా సాధ్యమే.

«వాడు హ్యాకర్» అన్నప్పుడు

ఓడిన ప్రతి రెండో స్క్వాడ్ నోటా వచ్చే మాట ఇది. యాంటీ చీట్ (ఆటలో మోసాలను పట్టే వ్యవస్థ) సరిగా లేదన్న చర్చ బహిరంగంగానే సాగాలి. ఫలానా సభ్యుడు చీట్ వాడుతున్నాడన్న ఆరోపణ మాత్రం వీడియో క్లిప్‌తో మోడరేటర్లకు విడిగా రావాలి. కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ ఆటలో వాల్వ్ సంస్థ 2013లో తెచ్చిన ఓవర్‌వాచ్ పద్ధతిలో, అనుభవం ఉన్న ఆటగాళ్ళు రీప్లే చూసి తీర్పు చెప్పేవారు. అనుమానితుడి పేరు గానీ, అతని మాటలు గానీ వారికి కనబడేవి కావు. క్లిప్‌లో పేరు కనిపించే చోటు కత్తిరించి, ఆ మ్యాచ్‌లో ఆడని ముగ్గురికి చూపిస్తే మనమూ అంతే చేయవచ్చు. ఆధారం చాలకపోతే ఆ మాటే చెప్పాలి, గేమ్‌లోనే రిపోర్ట్ చేయమనాలి.

వాయిస్ ఛానళ్ళు

టెక్స్ట్‌లో ఉన్నట్టు వాయిస్‌లో ఆధారం మిగలదు. అమ్మాయి గొంతు వినగానే ఇన్‌స్టా ఐడీ అడగడం, మైక్ ఆన్ చేయమని వేధించడం, కిల్ పడ్డప్పుడల్లా వెకిలి మాటలు విసరడం సరిగ్గా ఇక్కడే జరుగుతాయి. భరించలేక ఆ అమ్మాయిలు మైక్ ఆపేసి, ఆ తర్వాత రావడమే మానేస్తారు. అందరికీ తెలియకుండా రికార్డు చేయడం సరి కాదు కాబట్టి, స్క్రిమ్ వేళల్లో మోడరేటర్ ఒకరు ఛానళ్ళలోకి వచ్చిపోతూ ఉండాలి. ఫిర్యాదు చేసినవారిని «రుజువేది?» అని వెనక్కి పంపకుండా, అప్పుడు ఛానల్‌లో ఉన్నవారిని విడివిడిగా అడగాలి. సౌండ్‌బోర్డ్ (ఛానల్‌లో శబ్దాల ముక్కలు మోగించే సదుపాయం) అనుమతిని కొత్త సభ్యులకు ఇవ్వకపోతే సగం చిరాకు దానంతటదే పోతుంది.

మోడరేటర్ల ఎంపిక, అధికారాలు

బీజీఎంఐలో అత్యున్నతమైన కాంకరర్ టియర్‌లో ఉన్నవాడు మంచి మోడరేటర్ అవుతాడన్న హామీ లేదు. వాదనలో ఓడినా నిద్రపట్టేవారినీ, రాత్రి పది నుంచి రెండు దాకా ఎవరో ఒకరు మేలుకుని ఉండేలా వేళలు పంచుకోగలిగేవారినీ చూసుకోవాలి. స్క్రిమ్ హోస్టులను వీలైనంతవరకు మోడరేటర్లుగా పెట్టకూడదు. పూర్తి అడ్మినిస్ట్రేటర్ అనుమతిని ఓనర్‌కూ మరొకరికీ మించి ఇవ్వకుండా, మిగతావారికి టైమౌట్, మెసేజ్‌ల తొలగింపు వంటివి మాత్రమే ఇచ్చి, బ్యాన్‌కు ఇద్దరి అంగీకారం ఉండాలన్న కట్టుబాటు పెట్టుకోవాలి. మోడరేషన్‌కు టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధ్రువీకరణ) తప్పనిసరి చేసే సెట్టింగ్‌ను మొదటి రోజే ఆన్ చేయాలి. ఒక్క మోడరేటర్ అకౌంట్ పోయినా సర్వర్ మొత్తం ఖాళీ కాగలదు. పరీక్షల వల్లో ఉద్యోగం వల్లో నెలల తరబడి రాని మోడరేటర్ నుంచి ఆ రోల్‌ను, అతనికి చెప్పే, వెనక్కి తీసుకోవాలి. తిరిగి వచ్చిన రోజు ఇచ్చేందుకు ఎలాగూ నిమిషం పట్టదు.