అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డ్: ముందు సిక్కోలు కాగితాలు, తర్వాతే అమెరికా ఫారాలు

అమెరికా పౌరసత్వం వచ్చి, 21 ఏళ్లు నిండినవాళ్లే తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డ్ పిటిషన్ వెయ్యగలరు. గ్రీన్‌కార్డ్ మాత్రమే ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. ఈ కేటగిరీలో ఏళ్లకేళ్ల వీసా క్యూ ఉండదు. కానీ అమ్మకొకటి, నాన్నకొకటి విడిగా ఐ-130 అనే పిటిషన్ ఫారం వెయ్యాలి. ఇంట్లో పెళ్లికాని తమ్ముడున్నా ఆ పిటిషన్ మీద రాలేడు.

ఫారం నింపడం ఒక సాయంత్రం పని. కేసు ఆగేది ఊరి కాగితాల దగ్గర. అందుకని ఫీజు కట్టకముందే అక్కడ పని మొదలెట్టించండి.

మీ జనన ధ్రువపత్రంలో అమ్మానాన్నల పేర్లు ఉండాలి. నాన్న పిటిషన్‌కు వాళ్ల పెళ్లి సర్టిఫికెట్ కూడా కావాలి. పెళ్లయి నలభై ఏళ్లు దాటినా సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడు నమోదు చేయించుకోవచ్చు. పెళ్లి ఫొటో, శుభలేఖ, ఇద్దరి వయసు, చిరునామా రుజువులు, సాక్షులు సిద్ధం చేసుకోండి. సర్టిఫికెట్ చేతికిచ్చినప్పుడే, అందులో అసలు పెళ్లి తేదీ సరిగ్గా పడిందో లేదో చూసుకోవాలి.

అమ్మానాన్నల పుట్టుక సంగతి ఇంకాస్త చిక్కు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. అంతకుముందు పల్లెల్లో పుట్టినవాళ్ల పేరు రిజిస్టర్లో లేకపోవడమే ఎక్కువ. పుట్టిన ఊరి పంచాయతీ లేదా మునిసిపాలిటీ నుంచి ‘రికార్డు లేదు’ అన్న నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, దానికి బడి టీసీ గానీ పదో తరగతి సర్టిఫికెట్ గానీ, ఇద్దరు పెద్దల అఫిడవిట్లు గానీ జతచెయ్యండి. అఫిడవిట్ ఇచ్చేవాళ్లు ఆ పుట్టుకను సొంతంగా ఎరిగినవాళ్లయి ఉండాలి. నాన్నకంటే చిన్నవాడైన చిన్నాన్న చేత సంతకం పెట్టిస్తే ఎవరు నమ్ముతారు? ఈమధ్యే ఆలస్యంగా నమోదు చేయించిన బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే పంపినా అదనపు ఆధారాలు అడుగుతూ నోటీసు వచ్చే అవకాశం ఎక్కువ.

ఇక పేర్లు. పైడిరాజు ఇంగ్లీషు స్పెల్లింగ్ ఆధార్‌లో ఒకటి, పాస్‌పోర్టులో ఇంకొకటి. అప్పలనరసమ్మ ఒకచోట ఒకే మాట, మరోచోట రెండు ముక్కలు. అమ్మ ఇంటిపేరు బడి కాగితంలో పుట్టింటిది, రేషన్ కార్డులో అత్తింటిది. పాస్‌పోర్టును ప్రమాణంగా పెట్టుకుని, మార్చగలిగినవి దానికి సరిపోయేలా మార్పించండి. మారనివాటికి ‘ఈ పేర్లన్నీ ఒకరివే’ అని అఫిడవిట్ చేయించండి. ఐ-130లో ‘వాడిన ఇతర పేర్లు’ గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ఈ స్పెల్లింగులన్నీ రాయాల్సింది అక్కడే.

జిల్లా పేరు కూడా చూసుకోవాలి. పార్వతీపురం 1979 దాకా శ్రీకాకుళం జిల్లా, ఆ తర్వాత విజయనగరం, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం. రాజాం 2022లో శ్రీకాకుళం నుంచి విజయనగరానికి మారింది. ఒక్కో కాగితంలో ఒక్కో జిల్లా ఉంటే, ఆ మార్పు వివరిస్తూ నాలుగు వాక్యాల లేఖ జతచేస్తే సరి.

తెలుగులో ఉన్న ప్రతి పత్రానికీ ఇంగ్లీషు అనువాదం, రెండు భాషలూ తనకు వచ్చని, అనువాదం సరైనదేనని అనువాదకుడి సంతకంతో ప్రకటన ఉండాలి.

2024 ఏప్రిల్ నుంచి ఐ-130 ఫీజు ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీదైతే 675. ఆమోదం వచ్చాక కేసు నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది. అక్కడ వీసా దరఖాస్తు ఫారం డీఎస్-260, ఆర్థిక బాధ్యత తీసుకునే ఐ-864 దాఖలు చెయ్యాలి. మీ ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకు కనీసం 125 శాతం ఉండాలి. కుటుంబ సంఖ్యలో మీరు, భార్య లేదా భర్త, పిల్లలతోపాటు రాబోయే అమ్మానాన్నలనూ లెక్కెయ్యాలి. చాలకపోతే అమెరికాలో ఉండే మరో పౌరుడో గ్రీన్‌కార్డ్‌దారో జాయింట్ స్పాన్సర్‌గా నిలబడొచ్చు. ఏడాదిపాటు వీసా సెంటర్‌కు ఉలుకూ పలుకూ లేకపోతే కేసు మూసేస్తారు.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు పాస్‌పోర్ట్ సేవా సైట్‌లో దరఖాస్తు చెయ్యాలి. ఉత్తరాంధ్ర వాళ్లకు విశాఖ పాస్‌పోర్ట్ ఆఫీసే. నాన్న ఇప్పుడు విశాఖలో అక్క ఇంట్లో ఉంటూ పాస్‌పోర్టులో ఊరి చిరునామా ఉంటే, పోలీసు విచారణ అక్కడే ఆగిపోవచ్చు. ఉంటున్న చోటు చిరునామాకు రుజువు ముందే చూసుకోండి.

ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ మామూలుగా ముంబయి కాన్సులేట్‌లోనే. మెడికల్ పరీక్ష మాత్రం హైదరాబాద్‌లోని ప్యానెల్ డాక్టర్ల (ఈ పరీక్షకు అమెరికా ఆమోదించినవాళ్ల) దగ్గర చేయించుకోవచ్చు. ఛాతీ ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ కనిపిస్తే కఫం పరీక్షలు రాస్తారు. కఫంలో టీబీ క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ ఫలితానికి రెండు నెలల దాకా పడుతుంది. పాత చికిత్స కాగితాలుంటే తీసుకెళ్లండి, టికెట్లు మాత్రం వీసా చేతికొచ్చాకే కొనండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపువాళ్లలో ఆ జబ్బు ఉంటే అదొక్కటే వీసాను ఆపదు. అయితే వైద్య ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్న వస్తుంది, మీకూ రావాలి. పెద్దవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ కొనుక్కోవాలన్నా 65 నిండి, గ్రీన్‌కార్డ్‌తో అమెరికాలో వరుసగా అయిదేళ్లు ఉండాలి.

కోతలకీ, సంక్రాంతికీ, సిరిమానుకీ ఊళ్లోనే ఉంటానని నాన్న పట్టుబడితే, మా లెక్కలో బీ-2 విజిటర్ వీసాయే నయం. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు ఏడాదికి మించి బయట ఉండాలంటే, తిరిగి అమెరికాలోకి రావడానికి రీఎంట్రీ పర్మిట్ కావాలి. దానికి ఐ-131 దరఖాస్తు అమెరికాలో ఉండగానే వెయ్యాలి, ఊళ్లో కూర్చుని వెయ్యడం కుదరదు.