భూసేకరణ నోటీసు వచ్చిందా? సంతకం పెట్టే ముందు ఇవి చూసుకోండి

భూసేకరణ నోటీసు చేతికి రాగానే ఎవరికైనా టెన్షనే, ఏం చేయాలో తోచక నలుగురి చుట్టూ తిరుగుతాం, కానీ ముందు చూడాల్సింది ఆ కాగితం మీదున్న చట్టం పేరు, తేదీ. 2013 భూసేకరణ చట్టం కింద సెక్షన్ 11 నోటిఫికేషన్ అయితే అభ్యంతరం చెప్పడానికి 60 రోజుల గడువుంటుంది. జాతీయ రహదారుల చట్టం కింద అయితే 21 రోజులే. నోటిమాటగా చెబితే లెక్కలోకి రాదు, రాసిచ్చి మీ కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి.

పొలం ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే వెంటనే పేరు మార్పిడికి పెట్టండి. వాటాల గొడవ తేలకపోతే డబ్బు మీ చేతికి రాదు, అథారిటీ (భూసేకరణ పరిహారం గొడవలు తేల్చే సంస్థ) దగ్గర డిపాజిట్ చేసేస్తారు.

చెట్లు, బోరు, పైపులైను, పశువుల కొట్టం లెక్కరాసే రోజు మాత్రం ఎన్ని పనులున్నా పొలంలోనే ఉండండి. నేను చూసిన ఒక పంచనామాలో "మామిడి చెట్లు 14" అని మాత్రమే ఉంది, పదిహేనేళ్లుగా కాస్తున్న చెట్టూ నిరుడు నాటిన మొక్కా ఒకే లెక్కలో పడిపోయాయి. ఒక్కో చెట్టు వయసు, కాపు రాయించాకే సంతకం పెట్టండి, ఫొటోలు కూడా తీసుకోండి.

ఇక రేటు. రిజిస్ట్రేషన్ విలువ ఒక్కటే చూపించి ఇంతే వస్తుందంటే ఒప్పుకోవద్దు. గత మూడేళ్లలో మీ ఊళ్లో, పక్క ఊళ్లలో అలాంటి భూములకు జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు కూడా కట్టాలి, రెండింటిలో ఏది ఎక్కువైతే అదే మార్కెట్ విలువ. అందుకే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి ఆ దస్తావేజుల నకళ్లు మీరే తెచ్చుకోండి, ఈ ఒక్క పనికి బద్ధకించి నష్టపోయేవాళ్లే ఎక్కువ. ఉదాహరణకి మార్కెట్ విలువ 10 లక్షలు, మీ ప్రాంతానికి ప్రభుత్వం పెట్టిన గుణకం 1.25 అనుకుందాం. అప్పుడు 12.5 లక్షలు, చెట్లు, బోరు కలిపి 2.5 లక్షలైతే మొత్తం 15, దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం (మన ఇష్టంతో పని లేకుండా భూమి తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) కలిపి 30 లక్షలు. ఇది కాక మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనంగా రావాలి. అవార్డు (పరిహారం ఎంతో తేల్చి కలెక్టర్ ఇచ్చే ఉత్తర్వు) కాపీ తీసుకుని ఇవన్నీ విడివిడిగా ఉన్నాయో లేదో సరిచూసుకోండి.

రేటు తక్కువనిపించినా డబ్బు తీసుకోవచ్చు, కానీ రసీదు మీద "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని తప్పకుండా రాయండి. ఆ ముక్క రాయకుండా తీసుకుంటే పరిహారం పెంచమని అడిగే హక్కే పోతుంది. అవార్డు ఇచ్చినప్పుడు మీరు అక్కడుంటే ఆ రోజు నుంచి ఆరు వారాల్లోపు, కేసును అథారిటీకి పంపమని కలెక్టర్‌కి దరఖాస్తు పెట్టాలి. రహదారి కేసుల్లో ఇదే పని ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గర జరుగుతుంది.

ఇంట్లో సగమే తీసుకుంటామంటే మొత్తం తీసుకోమని అడగొచ్చు. 2013 చట్టం కింద వచ్చే పరిహారానికి ఆదాయపు పన్ను లేదు, టీడీఎస్ కోస్తామంటే 2016లో వచ్చిన సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) సర్క్యులర్ చూపించండి. అత్యవసర సేకరణ అయితే తప్ప, పరిహారం పూర్తిగా చెల్లించకుండా పొలం స్వాధీనం చేసుకోవడానికి ఈ చట్టం ఒప్పుకోదు, కాబట్టి ముందే జేసీబీ వస్తే ఫొటో తీసి ఆ రోజే కలెక్టర్‌కి రాసివ్వండి.